కోయిల మేడమ్ పిల్లల పెంపకం

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి, మనశ్శాంతి తప్ప. ఆ లోటు ఉన్నట్టు నక్క సారంగపాణి వచ్చి చెప్పేదాకా ఎవరికీ తెలియదు. అప్పటిదాకా అందరూ హాయిగానే ఉన్నారు.

సారంగపాణి చెట్టుకీ చెట్టుకీ తీగలు లాగించి, తీగల చివర ఎండిన సొరబుర్రలు కట్టించి, దానికి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అని పేరు పెట్టాడు. ఇవతలి బుర్రలో కష్టం చెప్పుకుంటే అవతలి బుర్ర దగ్గర కూర్చున్న నిపుణులు సలహా ఇస్తారు. ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు.

నిపుణుల ఎంపికలో అతనిది ఒకటే నియమం. "అనుభవం ఉన్నవాణ్ణి పెట్టుకుంటే వాడి గోడు వాడు చెప్పుకుంటాడు. మనకి కావలసింది నిష్పక్షపాతం" అన్నాడు.

అందుకని మానసిక ఒత్తిడికి అడవిదున్నను పెట్టాడు. అది పుట్టి బుద్ధెరిగాక బురదలోంచి లేచింది లేదు. జీవితంలో వచ్చే మార్పులకి తాబేలును పెట్టాడు. నూరేళ్లుగా అది ఇల్లు మారలేదు. పిల్లల పెంపకానికి కోయిల వసంతశ్రీ వచ్చింది. ఆవిడ ఏటా గుడ్లు పెడుతుంది గానీ, ఏ పిల్ల నోట్లోనూ ఒక్క పురుగు పెట్టిన పాపాన పోలేదు. గుడ్లు కాకుల గూళ్లలో వదిలేసి పాటకచేరీలకి వెళ్లిపోతుంది. ఈ సంగతి కాకులకి తప్ప అడవంతటికీ తెలుసు.

ఇక కాకి నల్లమణి సంగతికొస్తే, ఆమె కడగొట్టు పిల్లాడు చంటి "కావ్" అనడం లేదు. నోరు తెరిస్తే "కూ" అంటున్నాడు.

కాకుల్లో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడ మెతుకు కనిపించినా పదిమందినీ పిలవాలి. పిలవడం వచ్చో రాదో తేల్చడానికి, రెక్కలొచ్చిన పిల్లల్ని అమావాస్య పొద్దున మోడుచెట్టు మీద నిలబెట్టి మూడుసార్లు "కావ్" అనిపిస్తారు. అనలేని పిల్లని అడవిలోంచి వెళ్లగొడతారు. అమావాస్య ఇంకా ఆరు రోజులుంది.

"రెండు పొడిస్తే అదే వస్తుంది" అన్నాడు నల్లమణి మొగుడు బొంతయ్య.

"మీరు ఊరుకోండి. పసివాడు" అని నల్లమణి పిల్లాణ్ణి రెక్క కిందికి లాక్కుంది. మొగుడు మేతకి వెళ్లగానే సొరబుర్ర అందుకుంది.

"మీ సమస్య మాకు ఎంతో ముఖ్యమైనది. దయచేసి లైన్లో ఉండండి" అంది లైను కలిపే చిలక. ఒక జామపండు తిని, మళ్లీ అదే మాట అంది. మూడో జామపండు అయ్యాక కోయిల గొంతు వినిపించింది.

"చెప్పండమ్మా."

"మావాడు కావ్ అనడం లేదండీ మేడమ్. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

"లోపం పిల్లల్లో ఉండదమ్మా, తల్లిలో ఉంటుంది. ఇంట్లో మీరెలా మాట్లాడతారు?"

"కాకిని కదండీ. కావ్ కావ్ అనే మాట్లాడతాను."

"చూశారా! ఆ అరుపులకే పసిమనసు ముడుచుకుపోయింది. ఇవాళ్టి నుంచి మీరే కూ అనండి. వాణ్ణి బాగా మేపండి. ముఖ్యంగా మిడతలు పెట్టండి."

"మిడతలేనా అండీ?"

"మా... మీ పిల్లలకి అవంటే ప్రాణం."

టక్ టక్ టక్. సమయం అయిపోయిందని వడ్రంగిపిట్ట బెరడు మీద కొట్టింది. లైను తెగింది.

నల్లమణి ఆ రోజు నుంచి సాధన మొదలుపెట్టింది. ఆ గొంతుకి "కూ" అనడమంటే మాటలా? రెండో రోజుకి గొంతు వాచింది. మూడో రోజు బొంతయ్య మేత తెచ్చి గూటిదాకా వచ్చి, లోపల్నుంచి "కూ" అని వినిపించేసరికి, "క్షమించాలి, ఇల్లు పొరబడ్డాను" అని మర్యాదగా వెనక్కి వెళ్లిపోయాడు. ఆ పూటకి ఇంటిల్లిపాదీ పస్తున్నారు.

ఇంకో పది గూళ్లలో కూడా ఇదే తంతు. ఆ తల్లులూ అదే మేడమ్‌కి ఫోన్ చేశారు, వాళ్లకీ అదే సలహా దొరికింది. కాకులు మూగబోయి, అడవంతా "కూ" అంటూ అపశ్రుతిలో మోగిపోయింది.

అమావాస్యకి ముందురోజు నల్లమణి మళ్లీ బుర్ర పట్టుకుంది. మాట మొదలుపెట్టేలోగా చంటి తల దూర్చి బుర్రలోకి "కూ" అన్నాడు.

అవతలినుంచి వెంటనే "కూ... కూ" అని వినిపించింది. అదే గొంతు, అదే విరుపు. కోయిల కావాలని అనలేదు, నోటిలోంచి దానంతటదే వచ్చేసింది.

నల్లమణికి అంతా అర్థమైపోయింది. కోపం రావలసిన చోట ముందు భయం వేసింది. వీణ్ణి తీసుకుపోతుందేమో! తన పొట్ట మాడ్చుకుని మేపిన పిల్లాడు. గుడ్డు ఎవరిదైతేనేం, వర్షంలో రెక్క పట్టింది తను. ఆ భయం బయటపడకుండా గొంతు గట్టి చేసుకుంది.

"మేడమ్, వీడు మీవాడా?"

"కౌన్సెలింగ్‌లో వ్యక్తిగతమైన ప్రశ్నలు వేయకూడదమ్మా."

"సరే, వేయను. రేపొచ్చి తీసుకెళ్లండి. మిగతా పదిమంది తల్లులతోనూ చెబుతాను. మొత్తం పదకొండుమంది అవుతారు."

"పదకొండా! నేనా? పెంచడమా? నావల్ల కాదమ్మా, గొంతు పాడైపోతుంది."

"అయితే రేపు మా కాకుల సంఘం ముందుకొచ్చి, కూ అన్నా కావ్ అన్నా ఒకటేనని చెప్పండి. మీరు నిపుణులు కదా, నమ్ముతారు."

మర్నాడు పొద్దున చంటి మోడుచెట్టెక్కి, వణుకుతూ మూడుసార్లు "కూ" అన్నాడు. కాకులన్నీ నోళ్లు తెరిచాయి.

సంఘం ముందుకొచ్చిన కోయిల గొంతు సవరించుకుంది. "ఇది సామాన్యమైన కావ్ కాదు. అంతర్ముఖమైన కావ్. దీన్ని మా శాస్త్రంలో కావ్ పూర్వదశ అంటాం."

సంఘం పెద్దకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కాబట్టి గొప్ప విషయమే అయ్యుంటుందని తల ఊపాడు. "పిల్లాడు నెగ్గాడు" అన్నాడు. నల్లమణి ఒక్క అంగలో వెళ్లి చంటిని రెక్క కింద దాచుకుని, వాడి తల మీద ముక్కు ఆనించి ఏడ్చేసింది.

చంటి వెనక వరసలో ఇంకో పదిమంది పిల్లలు "కూ" అంటున్నారు. పెద్ద అక్కడితో ఆగలేదు. "ఇంత విద్య ఉన్న తల్లి తీగ చివర కూర్చోవడమేమిటి? పూర్వదశలో ఉన్న మిగతా పదిమందినీ ఆవిడ చేతుల్లోనే పెట్టండి. పూర్తిగా కావ్ వచ్చేదాకా ఆవిడే పెంచాలి."

చప్పట్లు మోగాయి. కోయిల ఏదో చెప్పబోయింది గానీ, వడ్రంగిపిట్ట సమయం అయిందని కొట్టేసింది.

సాయంత్రానికల్లా ఆవిడ కొమ్మ మీద పది నోళ్లు తెరుచుకున్నాయి. కోయిల బెదిరిపోయి సొరబుర్ర అందుకుంది. "మీ సమస్య మాకు ఎంతో ముఖ్యమైనది" అంది చిలక. "మా పెంపకం నిపుణురాలు వసంతశ్రీగారు వేరే పనిలో ఉన్నారు. దయచేసి లైన్లో ఉండండి."

చివరికి నల్లమణి గూటికే పరిగెత్తుకొచ్చింది. "వీళ్లు ఊరుకోవడం లేదు. ఏం చెయ్యను వదినా?"

"ముందు మిడతలు పట్టండి" అంది నల్లమణి. "వాటంటే ప్రాణమని మీరే అన్నారుగా."

పది రోజుల్లో కోయిలకి పిల్లల పెంపకంలో అనుభవం వచ్చేసింది. నియమం నియమమేనని సారంగపాణి ఆ పూటే ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాడు. ఆ చోట ఇప్పుడొక బ్రహ్మచారి గుడ్లగూబ కూర్చున్నాడు. చాలా బాగా చెబుతాడట.

నీతి: పిల్లల్ని ఎలా పెంచాలో ధారాళంగా చెప్పగలగాలంటే, మన పిల్లలు పక్కవాళ్ల గూట్లో ఉండాలి.