మిట్ట మీది ఫోను

తీగ లేకుండా గాలిలోనే మాట నడిచే టెలిఫోను పెదగుంటపల్లెకు మంజూరైనట్టు 1995 వేసవిలో ప్రభుత్వం వారు ప్రకటించారు. గ్రామప్రజలు హర్షం వ్యక్తం చేశారు. ఎండ ఎక్కువగా ఉన్నందున ప్రజలందరి తరఫునా సర్పంచి మల్లికార్జున గారొక్కరే షామియానా కింద కూర్చుని హర్షించారు.

ఈ టెలిఫోను శాస్త్రం బహు సులభం. ఉదయగిరిలో ఒక పెద్ద టవరు ఉంటుంది. చుట్టుపట్ల ఎనిమిది ఊళ్ళలో, ఊరికొక ఇంటి మీద చేపముల్లులా ఉండే ఏంటెనా నిలబెడతారు. ఆ ఇంట్లో ఒక పెట్టె, ఒక బ్యాటరీ, ఒక ఫోను పెడతారు. ఏంటెనాకు టవరు అడ్డం లేకుండా కనబడాలి. కనబడితే మాట వస్తుంది, లేకపోతే రాదు. ఇందులో పలుకుబడికి ఎక్కడా చోటు పెట్టలేదంటే, కనిపెట్టినవాడికి మన జిల్లా అనుభవం లేదన్నమాట.

పెదగుంటపల్లె పేరుకు తగ్గట్టు గుంటలో ఉంది. పూర్వం ఊరి పెద్దలు చెరువు కింద పల్లాన్నంతా తామే తీసుకున్నారు. నీళ్ళు పోయేది పల్లానికే కాబట్టి అది తెలివైన పనే. ఆముదం కూడా మొలవని రాతిమిట్ట ఒకటి మిగిలితే, దయతలచి, ఊరవతల ఉంచిన పాలెం వాళ్ళకు వదిలేశారు. ఆ మిట్ట మీద ముప్పై ఇళ్ళు, ఒక రేకుల చర్చి లేచాయి. వదలడమైతే వదిలారు గానీ కాగితం మాత్రం ఇవ్వలేదు. నోటిమాట ఉండగా కాగితమెందుకని వాళ్ళ వాదన.

ఆ కాగితం కోసమే లిదియమ్మ పదకొండేళ్ళుగా ఆత్మకూరు తిరుగుతోంది. అక్కడ ఇళ్ళస్థలాల ప్రత్యేక కచేరీ అని ఒకటుంది. లిదియమ్మ బడిలో ఆయాగా చేసి మానుకున్న మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. బైబిలు కూడబలుక్కోకుండా చదువుతుంది, గొంతు విప్పితే మిట్ట కిందికి వినబడుతుంది. ముప్పై ఇళ్ళకూ పట్టాలు ఇవ్వాలని ఆమె అర్జీ. పట్టా లేని ఇల్లంటే, ఎవరికి అవసరం పడితే వాళ్ళు లేచి పొమ్మనగలిగిన ఇల్లు. ఆమె భర్త వెంగయ్య "పట్టా రానీ, కప్పు మార్పిద్దాం" అంటూ అన్నేళ్ళు కారే కప్పు కిందే పడుకుని, అక్కడే పోయాడు.

సరే, టెలిఫోను ఇంజనీరు ఓబులయ్య ఉదయగిరి నుంచి సామాను జీపులో వేసుకుని దిగాడు. ఊరికి ఫోనంటే సర్పంచి గారి మేడ మీదే కదా అని ఏంటెనా అక్కడే నిలబెట్టాడు. మీటరులో ముల్లు కదల్లేదు. పదడుగుల గొట్టం తీసి ఇరవై అడుగులది వేశారు, ఆ తరవాత ముప్పై అడుగులది వేశారు. ముల్లు మాత్రం పడుకున్నచోటి నుంచి లేవలేదు. ఎదురుగా ఉన్న చింతచెట్టు అడ్డమేమోనని కొట్టించారు. చెట్టు పక్కింటివాళ్ళది కాబట్టి సర్పంచి గారు ఆ నష్టాన్ని ధైర్యంగా భరించారు. అప్పటికీ లాభం లేకపోయేసరికి వాస్తు పండితుణ్ణి పిలిపించారు. ఏంటెనా ముఖం ఈశాన్యానికి ఉండాలని ఆయన తేల్చాడు. ఉదయగిరి ఆగ్నేయంలో ఉంది. ఏంటెనా రెండు రోజులపాటు ఈశాన్యం వైపు భక్తిగా చూసింది.

మూడో రోజు ఓబులయ్యకు విసుగెత్తింది. ఏంటెనాను భుజాన వేసుకుని, మీటరు చేత పట్టుకుని ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు. ఊరి పెద్దలు వెనకాలే నడిచారు. మిట్ట వైపు పోయేకొద్దీ ముల్లు లేస్తూ వచ్చింది. పాలెం మొదట్లో పెద్దలు ఆగిపోయారు గానీ ముల్లు ఆగలేదు. లిదియమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి అది చివరిదాకా పోయి టకటకా కొట్టుకుంది.

"ఇక్కడే సార్! బ్రహ్మాండంగా ఉండాది!" అని అరిచాడు ఓబులయ్య.

"ఇంకో చోట చూడబ్బా," అన్నారు సర్పంచి గారు కింద నుంచి.

"చూసినాను సార్. సిగ్నలు ఈడనే ఉండాది. నేను తెచ్చి పెట్టింది గాదు గదా!"

ఆ సాయంత్రమే పంచాయితీ అత్యవసరంగా సమావేశమైంది. గ్రామ గౌరవాన్ని దృష్టిలో ఉంచుకుని, ఉదయగిరి టవరును వీలైనంత త్వరలో ఒక ఫర్లాంగు పక్కకు జరపవలసిందిగా కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం నకలు నెల్లూరికీ, ఇంకొక నకలు హైదరాబాదుకూ పంపారు. రెండు నెలలు గడిచినా టవరు జరగలేదు. ఈలోపు పక్క ఊళ్ళలో ఫోన్లు మోగుతున్నాయని తెలిసి పెద్దలకు నిద్ర పట్టలేదు.

చివరికి రాజీ కుదిరింది. ఏంటెనా, పెట్టె, బ్యాటరీ, ఫోను లిదియమ్మ ఇంట్లో ఉంటాయి. ‘గ్రామ ప్రజా టెలిఫోను’ అన్న బోర్డు సర్పంచి గారి ఇంటికి ఉంటుంది. ప్రారంభోత్సవం కూడా బోర్డు దగ్గరే జరిగింది. ఓబులయ్య జీపులోంచి పాత రిసీవరొకటి తెచ్చి ఇస్తే, సర్పంచి గారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని "హలో" అని ఫొటో దిగారు. తీగ లేని ఫోనని ముందే ప్రకటించారు కాబట్టి, ఆ రిసీవరుకు తోక లేకపోవడం చూసి జనం మరింత ఆశ్చర్యపోయారు.

ఇక వాడుక సంగతి. ఫోను లిదియమ్మ ఇంటి లోపలి గదిలో ఉంది. మాట్లాడదలచిన పెద్దలు మిట్ట ఎక్కి, ఆమె వాకిట్లో వేపచెట్టు కింద సొంత కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. చెప్పవలసింది చెబితే లిదియమ్మ లోపలికి పోయి ఫోనులో చెప్పి, అవతలివాళ్ళ జవాబు విని, బయటికొచ్చి అప్పజెప్పేది. లోపలికొచ్చి మాట్లాడుకోరాదా అని ఆమె మొదట్లో ఒకటి రెండుసార్లు అడిగింది. మోకాళ్ళ నొప్పులన్నారు. మిట్ట ఎక్కేటప్పుడు లేని ఆ నొప్పి సరిగ్గా ఆమె గడప దగ్గర మొదలయ్యేది.

లిదియమ్మ దేవునికి భయపడే మనిషి. ఇటు మాట అటు, అటు మాట ఇటు పొల్లు పోకుండా చేరవేసేది. సర్పంచి గారి భార్య చెంచులక్ష్మమ్మకు వరికుంటపాడులో ఉన్న చెల్లెలితో నగల తగాదా ఉంది. "‘నువ్వు పుట్టినప్పట్నించీ పిసినారిదానివే, అమ్మ కమ్మలు మింగి కూర్చున్నావు’ అంటుండాదమ్మా మీ చెల్లెలు," అని లిదియమ్మ గడపలో నిలబడి చెప్పేది. "‘నోరు ముయ్యవే’ అని చెప్పు" అనేది చెంచులక్ష్మమ్మ. పాలెం మనిషి ఊరి ఇల్లాలిని ముఖం మీదే ఇన్ని మాటలు అనడం, పైపెచ్చు బాగా చెప్పావని మెప్పు పొందడం ఆ ఊరి చరిత్రలో అదే మొదలు. ఒకసారి ఆత్మకూరు నుంచి సర్పంచి గారి పార్టీ పెద్ద మాట్లాడాడు. "‘బుద్ధుండాదా నీకు’ అని అడగతుండాడయ్యా," అంది లిదియమ్మ. సర్పంచి గారు కాసేపు ఆలోచించి, "ఉండాదని చెప్పు," అన్నారు.

ఇలా ఎనిమిది నెలలు నడిచింది. ఊళ్ళో రహస్యాలన్నీ లిదియమ్మ నోటి మీదుగానే వచ్చి పోయేవి. అయినా ఆమె వింటోందని ఎవరికీ తోచలేదు. పెట్టె, బ్యాటరీ, లిదియమ్మ కలిస్తే ఫోను, అంతే.

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం ఆత్మకూరు కచేరీ నుంచి గుమాస్తా చంద్రశేఖర్ ఫోను చేశాడు. పెదగుంటపల్లె పాలెం ముప్పై పట్టాల జాబితా ఈ సాయంత్రమే నెల్లూరికి పోతోందట. సర్పంచి ఔనో కాదో అయిదు గంటల్లోపు చెప్పాలి. ఔనంటే పట్టాలు వస్తాయి. కాదంటే ఫైలు మూసేస్తారు. ఏమీ చెప్పకపోతే అర్జీ మళ్ళీ మొదటికి పోతుంది.

లిదియమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా మిట్ట దిగి పరుగెత్తింది. పదకొండేళ్ళ తిరుగుడు ఒక్క మాటతో తీరిపోతుందని ఆమె గుండె గంతులేసింది. సర్పంచి గారు శ్రద్ధగా విని, చిరునవ్వు నవ్వి, నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని మిట్ట ఎక్కారు. వేపచెట్టు కింద కూర్చుని నాలుగు వైపులా చూశారు. ఈ ఎనిమిది నెలల్లో ఆయనకు ఆ మిట్ట బాగా నచ్చింది. గాలి వస్తుంది, ఉదయగిరి కొండ కనబడుతుంది, అన్నిటికీ మించి సిగ్నలు ఉంది. అక్కడొక మేడ కట్టుకుంటే ఫోనూ బోర్డూ ఒక్కచోటే ఉంటాయి.

ఆయన లిదియమ్మను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు. "కాదని చెప్పు. ఈ మిట్ట పంచాయితీకి కావల్లని చెప్పు. పాలెమోళ్ళకు చెరువు అలుగు కింద చోటు చూపిస్తామని చెప్పు. తలుపేసుకోని చెప్పు లిదియా, పాలెమోళ్ళు వింటే గోల చేస్తారు."

అలుగు కింద అంటే ఏటా వానకు మోకాటిలోతు నీళ్ళు నిలిచే చోటు. ఆయన మాత్రం మామూలుగానే కూర్చుని మీసం సర్దుకుంటున్నారు. చెబుతున్నది ఎవరితోనో ఆయనకు తట్టనే లేదు. దానికి ఆమెకు కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది.

ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. రిసీవరు ఎత్తి నంబరు తిప్పింది. "సర్పంచి గారు స్వయంగా మాట్లాడితే మంచిదమ్మా," అన్నాడు చంద్రశేఖర్. లిదియమ్మ రిసీవరు బల్ల మీద పెట్టి వచ్చి తలుపు తెరిచింది.

"నువ్వే మాట్లాడాలంటయ్యా. లోపలికి రా. ఫోను తీసిపెట్టినాను, రెండడుగులే."

సర్పంచి గారు లేచారు. గడప దాకా వచ్చారు. గడపను చూశారు. తిరిగి నలుగురు పెద్దలను చూశారు. వాళ్ళు ఆయన కాళ్ళనే చూస్తున్నారు. ఆయన మోకాళ్ళలో నొప్పి మొదలైంది.

"నా నోరైతే ఏంది, నీ నోరైతే ఏంది?" అన్నారు పెద్దగా, నలుగురికీ వినబడేటట్టు. "నువ్వు చెప్తే నేను చెప్పినట్టే. పో, నా మాటగా చెప్పు!"

లిదియమ్మ మళ్ళీ తలుపేసుకుంది. అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఆజ్ఞ ఆమెకు కంఠతా వచ్చు. కారే కప్పు కింద వెంగయ్య దగ్గు కూడా ఆమెకు గుర్తుంది. కళ్ళు మూసుకుని రిసీవరు ఎత్తి, గొంతు బాగా తగ్గించింది.

"సార్, సర్పంచి గారు ఈడనే ఉండాడు. ఆయన మాటగా చెప్పమన్నాడు. నలుగురు పెద్దమనుషులు సాక్ష్యం. ఔనంట సార్. ముప్పై ఇళ్ళకూ ఇయ్యమన్నాడు."

బయటికొచ్చి "చెప్పినానయ్యా" అంది. సర్పంచి గారు సంతృప్తిగా మిట్ట దిగిపోయారు.

నెలన్నరకు ముప్పై పట్టాలూ సిద్ధమయ్యాయని కబురొచ్చింది. సర్పంచి గారు నిప్పు తొక్కినట్టు ఎగిరి ఆత్మకూరు బస్సెక్కారు. "నేను ఔనన్లేదు సార్!" అని కచేరీ అధికారి ముందు బల్ల గుద్దారు. "మీ ఊరి ఫోను నుంచే, మీరుండగానే వచ్చిన కబురు కదా. మీరెందుకు మాట్లాడలేదు?" అన్నాడు అధికారి. ఎందుకో చెప్పబోయి సర్పంచి గారు తలెత్తారు. అధికారి వెనక గోడకు, అంటరానితనం పాటించేవారికి విధించే శిక్షలు పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు వేలాడుతోంది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నారు.

"మాట్లాడినాను సార్," అన్నారు. "నేనే మాట్లాడినాను. స్వయంగా!"

పట్టాల పంపిణీ సభలో ఆయన ఉపన్యాసం అందరినీ కదిలించింది. "సోదర సోదరీమణులారా! ఈ పేదల కోసం నేను ఈ మిట్ట ఎక్కినాను. ఆ ఫోను ఈ చేత్తో పట్టుకోని, గొంతు చించుకోని అరిచినాను. విజ్ఞానానికి ఊరనీ పాలెమనీ తేడా లేదు. నాకూ లేదు!" నలుగురు పెద్దలు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. లిదియమ్మ తన పట్టా మీద వేలితో వెంగయ్య పేరు వెతికి, దొరికాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఆదివారం చర్చిలో మోకరించి తన అబద్ధానికి దేవుణ్ణి క్షమాపణ అడిగింది. మళ్ళీ అవసరమొస్తే చెప్పనని మాత్రం మాటివ్వలేదు.

సోమవారం పొద్దున్నే ఊరి పెద్దలందరూ మిట్ట మీదికి వచ్చారు. ఎవరూ కుర్చీ తెచ్చుకోలేదు. ఒక మనిషి నోటి మీద ఊరి వ్యవహారాలు వదలడం ఎంత ప్రమాదమో వాళ్ళకు రాత్రికి రాత్రే జ్ఞానోదయమైంది. వరసగా గడప దాటి లోపలికి పోయి, ఎవరి ఫోను వాళ్ళే చేసుకున్నారు. ఏ మోకాలూ నొప్పి పెట్టలేదు. కాకపోతే మగవాళ్ళు తువ్వాలుతో, ఆడవాళ్ళు కొంగుతో రిసీవరును చుట్టి పట్టుకున్నారు. "దుమ్ము పడతా ఉండాదమ్మే," అంది చెంచులక్ష్మమ్మ, లిదియమ్మ అప్పుడే తుడిచి పెట్టిన ఫోను వైపు చూస్తూ.

చదువుతున్న మీరు నవ్వుకుంటున్నారు. సంతోషం. ఒక్క నిమిషం ఆ నవ్వు ఆపి, మీ ఇంట్లో పనిమనిషికి కాఫీ ఇచ్చే గ్లాసు ఎక్కడ బోర్లించి ఉందో చూసి రండి. మిగతా నవ్వు వచ్చాక నవ్వుదురు గాని.