నాసిరకం తూటాలు

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళు యోగానంద్‌కి పెట్టిన పేరు తుపాకీ యోగానందం. నిజానికి ఆయన బొద్దింక కనిపిస్తే చీపురుతో పక్కకి తోసేవాడే తప్ప చంపి ఎరగడు. అలాంటి మనిషి బేస్‌మెంట్‌లో కూర్చుని సొంతంగా తూటాలు తయారుచేసే స్థితికి వచ్చాడంటే కారణం ఒక్కటే, భయం.

అది ఎనభై ఒకటో సంవత్సరం. ఆయన పనిచేసే కార్ల కంపెనీలో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరి చేతికి కవరు వస్తోంది. కవరు అందుకున్నవాడు పెళ్ళాంపిల్లల ఫొటోలు అట్టపెట్టెలో సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోతాడు. ఆ కవర్లు ఎవరికివ్వాలో పైకి రాసి పంపేది బాస్ డాసన్ అని అందరి నమ్మకం. డాసన్‌కి లోకంలో ఇష్టమైన పని ఒకటే, ఆరువందల గజాల దూరంలో పెట్టిన అట్టని రైఫిల్‌తో కొట్టడం. పక్కనే బోర్లా పడుకుని కాల్చేవాణ్ణి ఆయన మాత్రం ఎలా తీసేస్తాడని యోగానంద్ ఆలోచన.

"మనుషులు బాస్‌ని భోజనానికి పిలుస్తారు. మీరు తుపాకీ కొన్నారు," అంది భార్య శశికళ, హాస్పిటల్ డ్యూటీకి బయల్దేరుతూ.

"అతనికి కారం పడదు శశీ."

డాసన్ వెళ్ళే తుపాకీ క్లబ్బులో చేరాక తెలిసింది, కొట్లో కొన్న తూటాలతో అంత దూరం గురి కుదరదని. ఎవరి రైఫిల్‌కి ఏది నప్పుతుందో వాళ్ళే చూసుకుని కూర్చుకోవాలి. సీసపు గుళ్ళని తూచి ఒకే బరువువి ఏరాలి. తుపాకీమందు రవ్వంత కూడా తేడా రాకూడదు. ఒక్కో మోతాదుతో ఐదేసి కాల్చి, చిల్లులు దేనికి దగ్గరగా పడ్డాయో చూడాలి. ఇంజనీరు కదా, గ్రాఫులు గీశాడు. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాల్ని మళ్ళీ వాడాలంటే తోమాలి. వాళ్ళమ్మ బిందెలు తోమిన పద్ధతి ఆయనకి బాగా గుర్తుంది.

"ఏవండీ, పులుసులోకి చింతపండు లేదు."

"గొట్టాలు తోమాను. ఎలా మెరుస్తున్నాయో చూడు."

"చూశాను. వాటినే పులుసు పెట్టమంటారా?"

నాలుగు నెలలు ఇలా గడిచాక ఒక మోతాదు కుదిరింది. దాంతో కాలిస్తే చిల్లులన్నీ కంచమంత చోటులో పడుతున్నాయి. అన్నిటికంటే పనికిమాలిన మోతాదుతో కాలిస్తే చేటంత మేర చెదిరిపోతున్నాయి.

సరిగ్గా అప్పుడే గుండె జారిపోయే సంగతి ఒకటి తెలిసింది. జూన్ పోటీలో డాసన్‌ని ఓడించిన తోటి ఉద్యోగి హెన్రీకి జూలైలో కవరు వచ్చిందట. ఇక అక్టోబర్ పోటీలో తను గెలిస్తే ఏమవుతుందో యోగానంద్‌కి గ్రాఫు గీయకుండానే అర్థమైంది. ఓడిపోవాలి. కానీ గురి తప్పించి కాలిస్తే డాసన్ పసిగడతాడు. అందుకని మోసమంతా తూటాలోనే పెట్టాడు. మంచి మోతాదుతో ఒక పెట్టె, చెడ్డ మోతాదుతో ఒక పెట్టె నింపాడు. పైకి చూస్తే రెండూ ఒకటే. తను తికమకపడకుండా, క్లబ్బులో ఎవరికీ తెలియకుండా, వాటిమీద తెలుగులో 'మేలురకం', 'నాసిరకం' అని చీటీలు అంటించాడు. మిషిగన్ తుపాకీ క్లబ్బులో తెలుగు ఎవరు చదువుతారు?

ఇంట్లో ఒకరు చదువుతారని ఆయనకి తోచలేదు.

పోటీ రోజు ఆకాశం మూసుకుపోయి ఉంది. డాసన్ తన తూటాల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. యోగానంద్ నాసిరకం పెట్టె తెరిచి, నిజాయితీగా గురి చూసి, మొదటి తూటా పేల్చాడు. నడిమధ్య తగిలితే పది పాయింట్లు. పది. రెండోది పది. మూడోది పది. ఏదో పొరపాటుగా తగులుతున్నాయనుకున్నాడు. పన్నెండో తూటా దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు చెమటపట్టింది. అయినా, చెప్పుకోడానికి సిగ్గే కానీ, లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది. పదిహేను దాటాక ఓడిపోవాలన్న సంగతే మరిచిపోయాడు. చివరికి ఇరవై తూటాలకి ఆయనకి నూటతొంభై, డాసన్‌కి నూట ఎనభై ఆరు వచ్చాయి.

డాసన్ చెయ్యి కలిపి కారెక్కాడు.

యోగానంద్ గెలిచిన కప్పు తెచ్చి వంటింట్లో పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. "పెట్టెల్లోవి మార్చావా?"

"మార్చాను. పోటీకి మీరు నాసిరకం పెట్టె సర్దుకోవడం చూశాను," అంది శశికళ, కూర తరుగుతూనే.

"నా ఉద్యోగం తీసేశావు శశీ. నీకు తెలుస్తోందా?"

ఆమె తరిగిన ముక్కలు బాణలిలో వేసింది. ఆయన ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు.

శుక్రవారం కవరు వచ్చింది. ఎలాగూ పోయింది కదా, మొహాన నాలుగు మాటలు అడిగేద్దామని డాసన్ గదికి వెళ్ళాడు. డాసన్ బల్లమీద ఫొటోలు తీసి అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు.

"నాకూ ఇచ్చారు యోగీ. ఆ లిస్టు పైవాళ్ళదే, సెప్టెంబర్‌లోనే అయిపోయింది. నీకు చెప్పొద్దన్నారు." ఆయన పెట్టె మూసి, కాసేపు దానిమీదే చేతులుంచాడు. "పోతూ పోతూ ఒక్క పోటీ అన్నా గెలుద్దామనుకున్నాను. ఇంతకీ నీ మోతాదు ఎంత?"

ఇంటికొచ్చేసరికి శశికళ గుమ్మంలోనే ఉంది. ఆయన చేతిలో అట్టపెట్టె చూసి ఆశ్చర్యపోలేదు. అప్పుడు వెలిగింది యోగానంద్‌కి.

"నీకు ముందే తెలుసు."

"డాసన్ భార్య మా హాస్పిటల్లోనే నర్స్ కదా. లంచ్‌లో నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఇద్దరి పేర్లూ ఉన్నాయంది. పోటీకి రెండు వారాల ముందు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు పోటీకి వెళ్ళేవారా? ఉద్యోగం ఎలాగూ పోతోంది. దానికోసం మీరు కావాలని ఓడిపోయారని జన్మంతా గుర్తుంచుకోవడం నాకు ఇష్టం లేదు." ఆమె గుమ్మంలోంచి పక్కకి జరిగింది. "నాలుగు నెలలు కష్టపడ్డారు. నా చింతపండంతా అవగొట్టారు."

యోగానంద్ తల దించుకుని, ఒక చేత్తో పెట్టె పట్టుకునే బూట్లు విప్పుకున్నాడు. ఇంత తెలివైన పథకం వేసిన తను, ఇంట్లో ఉన్న మనిషి లెక్కే వేసుకోలేదు.

"డాసన్ ఆ మోతాదు ఎంతని అడిగాడు," అన్నాడు.

"చెప్పారా?"

"చెప్పలేదు."

"అదేంటి?"

"ఇప్పుడతను నా బాస్ కాదుగా."

శశికళ మూడు వారాల తర్వాత మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆయన చేతిలోంచి పెట్టె అందుకుంది.