ఎడమ కంటికి భరోసా

"ఇకమీదట మన పెద్దలకు వైద్యం ఒక్కటే కాదు, ఎంపిక కూడా దొరుకుతుంది" అని ప్రేమ్‌సాగర్‌గారు మైకులో ప్రకటించిన సాయంత్రం కలకత్తా వాట్‌గంజ్‌లో అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆయన మా వార్డులో పార్టీ తెలుగు విభాగానికి అధ్యక్షులు. ఈమధ్యనే పెద్దల ఆరోగ్య భరోసా మండలికి ఛైర్మన్ కూడా అయ్యారు. నేను పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. తెలుగు, బెంగాలీ, ఇంగ్లీషు మూడూ చదవగలను కాబట్టి పేటలో అందరికీ నేను మేష్టారినే, ఎవరి దరఖాస్తయినా నా గుమ్మంలోకే వస్తుంది. అందుచేత ఈ పథకం గొప్పతనాన్ని దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు దక్కింది.

పాత కార్డు చాలా మోటుగా ఉండేది. అరవై దాటినవాళ్లు దాన్ని పట్టుకుని ఆస్పత్రికి వెళ్తే ఏ జబ్బొచ్చినా చూసేవారు. ఇందులో పెద్దలు ఆలోచించాల్సింది ఏమీ ఉండేది కాదు. ప్రేమ్‌సాగర్‌గారు ఆ లోపాన్ని సరిదిద్దారు. కొత్త కార్డు గుండె, ఊపిరితిత్తులు వంటి ముఖ్యమైనవాటిని చూసుకుంటుంది. కళ్లు, పళ్లు, మోకాళ్లు కూడా కావాలనుకునేవారు నేత్ర ప్లస్, దంత ప్లస్, మోకాలి ప్లస్ విడిగా తీసుకోవాలి. ఆ ప్లస్‌లు వదిలేసినవాటిని చూసుకోవడానికి ప్లస్ ప్లస్ ఉంది. ఎంచుకోవడానికి గడువు పదిహేను రోజులు. ప్రకటన పద్నాలుగో రోజు సాయంత్రం వెలువడింది. ఒక రోజంతా మిగిల్చినందుకు కొందరు పెద్దలు అక్కడికక్కడే ఛైర్మన్‌గారికి దండ వేశారు.

మర్నాడు తెల్లారేసరికి సన్యాసమ్మ నా గుమ్మంలో ఉంది.

ఆమెకు అరవై తొమ్మిదేళ్లు. కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి రిటైరైంది. ఇప్పుడు మెటియాబ్రుజ్‌లోని దర్జీల దగ్గర నుంచి కుర్తాలు తెచ్చుకుని ఇంట్లో గుండీలు కుడుతుంది. కుడికంట్లో శుక్లం ముదిరింది. సూది పనికి ఆమె ఆధారపడేది ఆ కంటి మీదే. పోయిన నెల ఒక కట్ట కుర్తాలకు గుండీలన్నీ వీపువైపు కుట్టేసింది. ఇంకోసారి ఇలా జరిగితే బట్ట ఇవ్వనని దర్జీ చెప్పేశాడు. పనిలేకుండా కూర్చోవడం ఆమెకు బొత్తిగా చేతకాదు.

"మేష్టారూ, ఆ కళ్ల ప్లస్సేదో నాకు రాసీయండి" అంది.

రాశాను. ఇద్దరం మండలి ఆఫీసుకు వెళ్లాం. కౌంటర్లో ఘోషాల్‌బాబు అనే ఆయన ఉన్నారు. సన్యాసమ్మ నలభై ఏళ్లు ఈ ఊరి వీధులు ఊడ్చినది కాబట్టి బెంగాలీ నాకన్నా ధాటిగా మాట్లాడుతుంది. ఘోషాల్‌బాబు ఆమె కంట్లో టార్చి వేసి చూసి, ఆమెను మాసీమా, అంటే పిన్నీ అని పిలుస్తూ దరఖాస్తు వెనక్కి తోశారు.

"మాసీమా, మీ కంట్లో శుక్లం ఉంది."

"అందుకే కదా దాదా వచ్చినాను."

"నేత్ర ప్లస్ మంచి కళ్లున్నవాళ్లకి. మీది ముందునుంచీ ఉన్న జబ్బు."

"కళ్లు మంచిగుంటే నాకిక్కడేటి పని?"

"అలాంటివాళ్లు రారు. అందుకే పథకం ఇంత చక్కగా నడుస్తోంది" అన్నారు ఘోషాల్‌బాబు. ఆయన మాటలో దాపరికం లేదు. ప్రభుత్వాఫీసుల్లో ఇంత నిజాయితీ అరుదు.

నేను అప్పీలు రాశాను. మండలి దానిమీద మూడుసార్లు సమావేశమై సానుభూతితో నిర్ణయం తీసుకుంది. ఛైర్మన్‌గారి సంతకంతో ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. నేను చదివి తెలుగులో చెప్పాను. శ్రీమతి సన్యాసమ్మ ఎడమ కంటికి నేత్ర ప్లస్ కింద సంపూర్ణ భరోసా కల్పించడమైనది. కుడి కన్ను ఈ పథకం పరిధిలోకి రాదు, ఇకముందు కూడా రాబోదు.

"ఎడమ కన్ను బాగానే ఉంది కదండీ" అంది సన్యాసమ్మ.

"అందుకే ఇచ్చారు."

ఆమె ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచి కొంగున కట్టుకుంది. ఖిదిర్‌పూర్‌లో ఒక మిషన్ కంటి ఆస్పత్రి ఉందనీ, అక్కడ దిక్కులేనివాళ్లకి ఉచితంగా ఆపరేషన్ చేస్తారనీ ఎవరో చెప్పారట. గురువారం వెళ్లాం. తెల్లారకముందు నుంచే లైను. మా వంతు వచ్చేసరికి చీటీలు రాసే నర్సు అడిగింది, ఇన్సూరెన్స్ కార్డు ఏమైనా ఉందా అని. సన్యాసమ్మ అబద్ధమాడే మనిషి కాదు. ఉందని చెప్పింది. కార్డు లేనివాళ్లకే ఇక్కడ చేస్తాం, మీరు అదృష్టవంతులు, మీ ఆస్పత్రికి వెళ్లండి అంది నర్సు.

అక్కణ్ణించి తిన్నగా మండలి ఆఫీసుకు వెళ్లాం.

"దాదా, ఈ కార్డు నాకొద్దు. రద్దు సేసీయండి" అంది సన్యాసమ్మ.

ఘోషాల్‌బాబు రూల్సు పుస్తకం తీసి వేలితో వెతికారు. "రద్దుకి మరణ ధ్రువపత్రం కావాలి."

"ఎవురిది?"

"కార్డుదారుది. మీదే."

"ఎవురు తేవాలి?"

"మీరే స్వయంగా రావాలి మాసీమా. వేలిముద్ర తప్పనిసరి. మీ బదులు వేరేవాళ్లు వచ్చి మోసం చేయకుండా ఈ ఏర్పాటు."

బయటికొచ్చాక సన్యాసమ్మ మెట్ల మీద కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి. "రెండో కన్ను కూడా పోతే అప్పుడేటి సేత్తారో సూడాలనుంది మేష్టారూ" అంది. అంతలోనే లేచి చీర దులుపుకుంది. "మల్లీ బేస్తవారం రండి. ఈపాలి నర్సుతో కాదు, డాక్టరమ్మతోనే మాటాడతాను."

ఆ డాక్టర్ పేరు రేబెకా. హౌరా దగ్గర టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగమ్మాయి. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఉత్తరం ఇంగ్లీషులో ఉండటం మంచిదైంది. రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మూడోసారి చదివింది.

"మామ్మా, మీ ఎడమ కంటికి ఇన్సూరెన్స్ ఉంది."

"అవునమ్మా, అదే నా కరమ."

"కుడి కంటికి లేదు. లేదని సంతకం పెట్టి, ముద్ర కూడా వేసి ఇచ్చారు. ఇంత స్పష్టంగా ఏ పేషెంటూ తేలేదు." ఆమె నర్సు వైపు తిరిగింది. "ఇన్సూరెన్స్ లేనివాళ్లకి చేయాలని కదా మన రూలు. ఈ కుడి కంటికి ఏ ఇన్సూరెన్సూ లేదు. చేర్చుకోండి."

నర్సు క్రమశిక్షణ గల మనిషి. ఫారంలో రోగి పేరు ఉండాల్సిన చోట 'సన్యాసమ్మ కుడి కన్ను' అని రాసింది. తోడు వచ్చినవారు అన్నచోట నా పేరు, దాని కింద ఎడమ కన్ను రాసింది.

ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పారు. సన్యాసమ్మ ముందు కిటికీ వైపు చూసింది, తర్వాత తన చేతులు చూసుకుంది, ఆఖరికి నన్ను.

"మేష్టారూ, మీరింత ముసిలోరైపోనారేటండీ."

నెల తిరిగేసరికి దర్జీ మళ్లీ కుర్తాలు పంపాడు. గుండీలన్నీ ఎదురు రొమ్మునే పడ్డాయి.

ఈ సంగతి ప్రేమ్‌సాగర్‌గారి చెవిన పడింది. పథకం మొదటి వార్షికోత్సవానికి సన్యాసమ్మను వేదిక మీదికి పిలిచారు. ముందుగా ఛైర్మన్‌గారు నివేదిక చదివారు. ఏడాది మొత్తంలో నేత్ర ప్లస్ కింద ఒక్కరికి కూడా వైద్యం అవసరం పడలేదన్నారు. మన పెద్దల కళ్లు ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో దీన్నిబట్టే తెలుస్తోందన్నారు. తర్వాత సన్యాసమ్మను ముందుకు నిలబెట్టి, ఈవిడ మన కార్డుదారు, చూపు తిరిగొచ్చింది అన్నారు. రెండు వాక్యాలూ అక్షరాలా నిజమే. నేను సాక్షిని.

సన్యాసమ్మను రెండు మాటలు చెప్పమన్నారు.

"నా ఎడమ కంటికి బరోసా ఇచ్చినారు" అంది ఆమె మైకులో. "అది అప్పుడూ బాగానే ఉండీది, ఇప్పుడూ బాగానే ఉంది. బాబుకి దండాలు."

చాలాసేపు చప్పట్లు మోగాయి.

సన్మానం చేయడానికి ఛైర్మన్‌గారి తల్లి పుష్పరాణిగారిని పైకి తెచ్చారు. మండలి జారీ చేసిన మొట్టమొదటి ప్లస్ ప్లస్ కార్డు ఆవిడదేనని ప్రకటించారు. ఆవిడ చిరునవ్వుతో దండ అందుకుని, రెండడుగులు వేసి, మైకు స్టాండుకి వేశారు. ప్రేమ్‌సాగర్‌గారు గబుక్కున దండ తీసి, ఆవిడ భుజాలు పట్టుకుని సన్యాసమ్మ వైపు తిప్పారు. ఫొటో మాత్రం బాగా వచ్చింది.

సభ అయ్యాక వేదిక వెనక నేనూ సన్యాసమ్మా టీ తాగుతుంటే ఛైర్మన్‌గారు ఒంటరిగా వచ్చారు. మైకు లేకపోవడంతో ఆయన భాష మా పేట భాష అయిపోయింది.

"అత్తా, ఆ మిషన్ డాక్టరమ్మ ఏ రోజున కూకుంటాది?"

"ఎవురికి బాబూ?"

ఆయన అటూ ఇటూ చూశారు. "మా అమ్మకి. రెండు కళ్లూనూ."

సన్యాసమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "బేస్తవారం. తెల్లారకుండా లైన్లో ఉండాలి, నువ్వే నిలబడాలి. కారు ఈది సివర ఆపీయి. ఆ ప్లస్ ప్లస్సు ఇంటికాడ ఒగ్గీసి రా."

ప్రేమ్‌సాగర్‌గారు జేబులోంచి నివేదిక తీసి, దాని వెనకవైపు అంతా శ్రద్ధగా రాసుకున్నారు.

ఈలోగా సన్యాసమ్మ వెళ్లి, వేదిక అంచున నిలబడి ఉన్న పుష్పరాణిగారి చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ మెట్టుంది వదినా. నెమ్మదిగా కాలెట్టు."