ఊరి కింద బొగ్గుండటం ఎంత భాగ్యమో!

మీ ఊరి కింద ఏమైనా ఉందా? లేదా? అయ్యో పాపం! అయితే మీరింకా ఆ ఊళ్ళోనే పడి ఉండి ఉంటారు.

మా ఊరి కింద బొగ్గుంది. ఆ సంగతి తెలియనంత కాలం మేము వట్టి దరిద్రులం. మక్కలు పండించుకుంటూ, సొంత బావి నీళ్ళు తాగుతూ, ఎవరి లెక్కలోకీ రాకుండా బతికాం. ఒకనాడు సర్కారువారు వచ్చి, చేలల్లో గొట్టాలు దించి, "మీరు సంపన్నులు" అని తేల్చి చెప్పారు. ఆ తర్వాత సంపన్నులమంతా ఒక్కొక్కరమే సూరత్ చేరుకున్నాం. నేను అక్కడి బమ్రోలి పేటలో, పవర్‌లూమ్‌ల చప్పుడులో ముసలివాణ్ణయ్యాను. బీదవాళ్ళయితే ఇంత దూరం రాగలరా?

గనిని ఎంత శ్రద్ధగా తవ్వారనుకున్నారు! మా ఊరి లస్మయ్య మేక ఒకటి అందులో జారిపడితే, అది ఇప్పటికీ కిందికి పోతూనే ఉంది. గాలి ఇటు తిరిగిన రోజు దాని అరుపు వినబడుతుందని లస్మయ్య చెబుతాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

గని వల్ల నష్టపోయినవాళ్ళ కోసమని ఒక నిధి కూడా పెట్టారు. దాంతో ఏం చేశారంటారా? జిల్లా కేంద్రంలో పార్కు కట్టారు! అందులో సిమెంటు డైనోసార్, రంగురంగుల ఫౌంటెన్. మా ఊళ్ళోనే కట్టవచ్చు కదా అని మీలో తెలివిలేనివాళ్ళు అడుగుతారు. మా ఊరి నిండా బొగ్గు దుమ్ము. డైనోసార్‌కు దగ్గు పట్టుకుంటే ఎవరు జవాబుదారీ? పైగా ఫౌంటెన్‌కు నీళ్ళు కావాలి. మా బావులన్నీ గని పుణ్యమా అని ఎండిపోయాయి. ఇంత ముందుచూపు మరే సర్కారుకైనా ఉంటుందా!

అయితే మా భాగ్యం ఎంతటిదో లాక్‌డౌన్‌లోగానీ పూర్తిగా తెలిసిరాలేదు.

రాజలింగం మా ఊరివాడే, నా గదిలోనే ఉంటాడు. బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లులో బాయిలర్‌కు బొగ్గు వేసే పని. లారీ నుంచి దించిన బొగ్గులో మొదటి పెళ్ళ తీసి కళ్ళకద్దుకోనిదే పార పట్టడు. "మనూరి మట్టి, పెదబాపూ" అంటాడు. ఎవరూ చెప్పలేదు. బొగ్గంటే మా ఊరిదేనని వాడి నమ్మకం.

మిల్లు మూతబడింది. అటు ఊరి దగ్గర వాళ్ళమ్మ చిన్నవ్వకు జ్వరం. వీడికి ఇక్కడ ముద్ద దిగడం లేదు. రైళ్ళు లేవు, బస్సులు లేవు. పోలీసులు రింగ్ రోడ్ దాటనివ్వరు. మనిషి అత్యవసర సరుకు కాదు కదా!

బొగ్గు మాత్రం అత్యవసరం. దాని లారీలు దర్జాగా హారన్ కొట్టుకుంటూ వస్తున్నాయి, మూతబడిన మిల్లులోనే కుమ్మరించి ఖాళీగా పోతున్నాయి. అది చూసిన రాజలింగం పరుగెత్తుకుంటూ గదికి వచ్చాడు.

"పెదబాపూ, మనకు తెలివున్నదా అసలు! బొగ్గు మనూరిదే గదా? మరి ఖాళీ లారీ యాడికి పోతది? మనూరికే! ఎనక ఎక్కి గమ్మున కూసుంటె అవ్వ కాడ దిగుత."

"మాస్కు పెట్టుకోని ఎక్కురా" అన్నాను. అంతకు మించి ఆ ఆలోచనలో నాకే లోపమూ కనబడలేదు.

సంచీతో సహా టార్పాలిన్ కింద దూరాడు. గంట తిరక్కముందే లారీ ఆగిందట. ఇంత జల్దీ వచ్చినమా అనుకుంటూ తల బయటపెడితే, ఎదురుగా సముద్రం!

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే భాయ్, యే కోయ్లా తో జహాజ్ సే ఆతా హై! సముందర్ పార్ సే!"

అంటే ఇన్నేళ్ళూ వాడు కళ్ళకద్దుకున్నది ఓడ దిగిన పరాయి దేశపు బొగ్గు! మరి మా ఊరి బొగ్గు ఎటు పోతోంది? అది సర్కారుకే తెలియాలి.

"గా దేశంల బొగ్గు మీద ఉన్నోళ్ళు యాడికి పోయిన్రు?" అని వాడు హిందీలో అడిగాడట. డ్రైవరు నవ్వడం ఆపేశాడు.

యాడికి పోతారు? వాళ్ళూ సంపన్నులై ఉంటారు.

కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాక చిన్నవ్వకు ఫోన్ కలిపాం. దేవుడి దయ, జ్వరం తగ్గింది. ఊరు గనిలో కలిసిపోయాక సర్కారు చూపించిన కాలనీలో ఉంటోందామె.

"అవ్వా, బస్సులు ఇడువంగనే ఉరికొస్త."

"వద్దు బిడ్డా. మన కాలనీల ఎర్రజెండలు పాతుతున్నరు."

"గిప్పుడా? బయటికే రావద్దన్నరు గదనే!"

"మనల్నన్నరు, సర్కారోళ్ళను గాదు. ఈడ గూడ కింద బొగ్గున్నదంట. నువ్వొచ్చేదాంక ఇల్లుంటదో, ఉండదో. బస్సులు నడువంగనే నేనే ఆడికొస్త తియ్యి."

పాఠకులారా, కాలనీ ఎక్కడ కట్టాలో కూడా ఎంత వెతికి నిర్ణయించారో చూశారా?

అవ్వ వచ్చేస్తోందని రాజలింగం గది ఊడ్చాడు, ఆమెకొక మూల చాప వేశాడు. కరివేపాకు లేనిదే అవ్వకు కూర సయించదని, మొక్క నాటడానికి ఇప్పుడు గుమ్మం ముందు గుంట తవ్వుతున్నాడు. నేను పక్కనే కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాను.

"లోతుకు పోకురా" అని చెప్పాను. "కింద ఏమన్న కనవడ్డదనుకో, సప్పుడు చెయ్యకుండ మట్టి కప్పెయ్యి."