కూర్చోకూడని కుర్చీల మహిమ

ముందుగానే క్షమించమని అడిగేస్తున్నాను. నాకు అక్షరాలు మనవలు పుట్టాక వచ్చాయి. ఒత్తులు అప్పుడప్పుడు దారితప్పి పక్క అక్షరం కింద చేరతాయి. పైగా నా రాత నత్తనడక. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు మబ్బు పట్టింది, రెండుసార్లూ కలం పడేసి పెరట్లోకి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు సంగతికి వస్తాను. ఆరుబయట వేసుకునే ఫర్నిచర్ కూర్చోవడానికి కాదు! ఇంకా అలా అనుకునేవాళ్లు ఉన్నారంటే నాకు జాలేస్తుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. మరి కూర్చోవడానికే వీల్లేని కుర్చీలు కొనుక్కుంటే? మీ కొండలు మీకు పదిలం!

మా ఇంటి వెనక గచ్చు మీద అలాంటి సెట్ ఒకటి వెలిసింది. నాలుగు టేకు కుర్చీలు, మధ్యలో పిల్లి కూడా దూకక్కర్లేకుండా ఎక్కేసే బల్ల, పావురం రంగు కుషన్లు. వాటన్నిటి మీదా ఒక పెద్ద గొడుగు. ఆ గొడుగుకు ఒక కవరు. గొడుగు తడవకూడదు కదా!

ఇక దాని సేవ. పొద్దున్నే కవర్లు తియ్యాలి, చెక్కకు గాలాడాలి. ఎండెక్కితే మళ్లీ వెయ్యాలి, రంగు వెలుస్తుంది. కాకి వాలితే తోలాలి. వాలి ఎగిరిపోతే తుడవాలి. నెలకోసారి ఉప్పుకాగితంతో చెక్కను నున్నగా రుద్ది నూనె పట్టించాలి. ఆ నూనె ఇంకేదాకా ఎవరూ దాని దరిదాపులకు పోకూడదు. సాయంత్రమయ్యేసరికి కుషన్లు మంచులో నానకుండా లోపలికి చేర్చాలి. లోపల ఎక్కడ పెడతాం? హాల్లో సోఫా మీద. అందుకని రాత్రిపూట మా ఇంటిల్లిపాదీ నిలబడే టీవీ చూస్తాం. నడుముకు మంచిదట!

లాభాలు ఒకటా రెండా? తల ఎత్తితే ఫోను జారిపోతుందేమో అన్నట్టుండే మా అబ్బాయి ఇప్పుడు రోజూ ఆకాశం చూస్తున్నాడు. కోడలు ఆఫీసు నుంచి ఫోన్ చేస్తోంది.

"అత్తయ్యా, ఇక్కడ చినుకులు మొదలయ్యాయి. కుషన్లు తీశారా?"

ఒకప్పుడు "తిన్నారా?" అని అడిగేది. నాకు ఆకలేస్తే నేను తింటాను. కుషన్లకు నోరుందా పాపం!

మొన్న కోడలి స్నేహితురాళ్లు వచ్చారు. వాళ్లని గచ్చు మీదకు తీసుకెళ్లి కవరు తీసి చూపించింది. "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారు. వెంటనే కవరు వేసేసి లోపలికి తీసుకొచ్చింది. టీ నిలబడి తాగారు, తొందరగా వెళ్లారు. ఇంత సులువైన మర్యాద మా కాలంలో ఉండి ఉంటే నా కాళ్లు ఇలా అరిగేవా?

ఎలా ఎంచుకోవాలని అడుగుతారేమో. మేం ఎంచుకున్న పద్ధతి చెబుతాను. షాపుకు నన్ను కూడా తీసుకెళ్లారు. "అమ్మ సాయంత్రాలు హాయిగా కూర్చోవాలి, దాని కోసమే కొంటున్నా" అన్నాడు మావాడు. అమ్మే అబ్బాయి నన్నో కుర్చీ దగ్గరికి నడిపించాడు.

"కూర్చుని చూడండి మామ్మగారూ!"

కూర్చున్నాను. కూర్చున్నాను అనడం తప్పు, దిగాను. మోకాళ్లు వచ్చి గడ్డానికి తగిలాయి. లేద్దామని ఊగాను. కుర్చీ నాతోపాటు ఊగింది. మళ్లీ ఊగాను.

"చూశారా సార్! మామ్మగారికి లేవబుద్ధే కావట్లేదు!"

మా అబ్బాయి మొహం వెలిగిపోయింది. "అమ్మకి ఇంత నచ్చాక ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు. కోడలు గచ్చు కొలత చూసింది, గోడ రంగు చూసింది, ఫోటోలో ఎలా పడుతుందో చూసింది. ముసలి మోకాలి కొలత తెచ్చుకోవడం ఒక్కటే మరిచాం. ఇద్దరు పట్టి లాగితే పైకొచ్చాను. ఆ వెలిగిన మొహం చూశాక నోరెలా పెగులుతుంది?

కొత్తవి వస్తే పాతవి పోవాలి కదా. పెరట్లో రెండు ఇనప మడత కుర్చీలుండేవి. ఒకటి నాది, ఒకటి మా ఆయనది. ఆయన పోయాక ఆ రెండోది ఖాళీగా ఉంటే, ఒక మధ్యాహ్నం పక్కింటి వదిన వచ్చి అందులో కూర్చుంది. రిటైరైన టీచరమ్మ. "ఊరికే గోడ వంక చూస్తూ కూర్చుంటావేం వదినా, నాలుగక్షరాలు నేర్చుకోరాదూ?" అంది. అలా మొదలైంది నా చదువు. ఇప్పుడు నవలలు చదువుతున్నాం. ఒక పేజీ ఆవిడ, ఒక పేజీ నేను. నా పేజీ వచ్చినప్పుడు ఆవిడ ఒక కునుకు తీసి లేస్తుంది.

ఆ రెండు కుర్చీలూ పాత సామాన్లవాడి బండెక్కాయి.

మర్నాడు వదిన పుస్తకం పట్టుకుని వచ్చింది. కొత్త కుర్చీలోకి నూతిలోకి చూసినట్టు తొంగి చూసింది.

"వదినా, ఇందులో దిగడమేనా, పైకి రావడం కూడా ఉందా?"

"ఇద్దరు లాగితే ఉంది."

"మనం ఉన్నదే ఇద్దరం. ఇద్దరం దిగితే లాగేదెవరు?"

కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆవిడ మోకాళ్లు నావాటి కన్నా పెద్దవి. ఆ తర్వాత రావడం మానేసింది. మా నవలలో నాయిక అప్పుడే రైలు దిగింది. పాపం, నాలాగే కూర్చోవడానికి చోటు లేక ఆ ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయింది. నేను మాత్రం ఏ లోటూ లేకుండా కాకుల్ని తోలుకుంటూ కాలక్షేపం చేశాను.

అయినా ఆరుబయట ఫర్నిచర్ కొనమనే అంటాను! ఎందుకంటే అది ఒక చెక్కపెట్టెలో వస్తుంది. ఆ పెట్టె గోడవార పడి ఉంది. ఒకరోజు వదిన ఏదో గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, ఆయాసమొచ్చి దాని మీద చతికిలబడింది. లేచింది. మళ్లీ కూర్చుంది. ఎవరూ పట్టుకోకుండానే మళ్లీ లేచింది.

"వదినా! కుర్చీ అంటే ఇదీ! నీ పుస్తకం పట్రా!"

ఆ సాయంత్రానికి నాయిక స్టేషన్ దాటింది.

కానీ పెట్టె కోడలి కంట్లో పడింది. "అత్తయ్యా, ఈ డొక్కు పెట్టె వల్ల సెట్ అందమంతా పోతోంది. ఆదివారం పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అంది. వాదిస్తానా? ఇంతకాలం సేవ చేసి నేర్చుకున్న విద్య ఊరికే పోతుందా? గొడుగు కవరు విప్పి పెట్టెకు తొడిగి, తాళ్లు గట్టిగా ముడేశాను.

ఆదివారం వాడు వచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడో లేదో, కిటికీలోంచి కోడలి కేక.

"ఏయ్, ముట్టుకోకు! కవరు కనపడట్లా?"

వాడు బిత్తరపోయి చుట్టూ చూశాడు. కవరు లేని వస్తువు ఒక్కటే కనిపించింది. "అయితే ఈ గొడుగాండీ?" అన్నాడు. ఈసారి కోడలు వేసిన కేక వీధి చివరిదాకా వినపడింది. వాడు ఉత్త చేతులతో పోయాడు. సాయంత్రం వాన పడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ గొడుగు తడిసింది. ఏమీ కాలేదు దానికి.

మా అబ్బాయి ఈ పత్రికను కుషన్ల కింద పరుస్తాడు. పరిచేముందు ఒక్కసారి చదువు నాన్నా. ఆ రోజు షాపులో నాకు లేవబుద్ధి కాక కాదు, లేవలేక. నీ కుర్చీలకు ఏ లోటూ రానివ్వను, కాకుల్ని నాకు వదిలెయ్. ఆ పెట్టె జోలికి మాత్రం రాకండి. నవలలో ఇంకా సగం ఉంది.

ఇట్లు,
కుషన్ల అత్తయ్య,
వయసు డెబ్బై ఒకటి,
ప్రస్తుతం ఉండేది: చెక్కపెట్టె మీద, గోడవైపు సగం. రెండో సగం వదినది.