దూది జోళ్ళకు లైసెన్సెందుకు?

ఒక పెద్ద అడవిలో ప్రతి గోటికీ లైసెన్సు ఉండేది. పులి అయినా సరే, ఏటా సభకొచ్చి పంజా చూపించి ముద్ర వేయించుకోవాల్సిందే. ముద్ర వేసేవాళ్ళు కళ్ళు మూసుకుని వేసేవాళ్ళు. అది వేరే సంగతి.

ఆ సభకు అధ్యక్షుడు శ్రవణానందం అనే కుందేలు. తన చెవులంటే అతనికి మహా గర్వం. చీమ తుమ్మినా తనకు వినపడుతుందని చెప్పుకునేవాడు. ఆ చెవులే ఎండాకాలంలో అతన్ని నిద్రపోనిచ్చేవి కావు. టేకాకులు ఎండి రాలాక పులి వేటకు బయల్దేరితే అడవంతా అప్పడాలు విరిగినట్టు కరకరలాడేది. అందరూ లేచి పారిపోవాలి, మళ్ళీ వచ్చి పడుకోవాలి.

"ప్రాణం దక్కుతోంది సరే, నిద్ర దక్కడం లేదు" అని ఒకరోజు సభలో గోడు వెళ్ళబోసుకున్నాడు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు పులి తరఫు వకీలు నక్క లేచింది. బూరుగు దూదితో కుట్టిన జోళ్ళు తెచ్చి అందరి ముందూ పెట్టింది.

"మా దొరగారు ఇవి తొడుక్కుంటే ఆకు మీద అడుగు పడినట్టే తెలియదు. అంతా తమరి నిద్ర కోసమే. గోళ్ళకు ఎలాగూ లైసెన్సు ఉంది. జోళ్ళకు మళ్ళీ వేరే లైసెన్సెందుకండీ? దూదితో ఎవరైనా ఎవర్నైనా చంపగలరా?"

సభ్యులు జోళ్ళను నొక్కి చూశారు. మెత్తగానే ఉన్నాయి.

తీతువు పిట్ట మాత్రం రెక్కలు కొట్టుకుంటూ అరిచింది. "ఆ చప్పుడు వినే కదయ్యా మనం బతుకుతున్నాం! అదీ తీసేస్తే ఎలా పారిపోతాం?"

"శుభమా అని సభ పెట్టుకుంటే ఈ తీతువు కూతేమిటి, అపశకునం!" అంది అడవిదున్న. తీతువును బయటికి పంపేశారు. ఆ తర్వాత చర్చ చాలా ప్రశాంతంగా సాగింది.

జోడు ఆయుధమా, ఆరోగ్య సాధనమా అని వాదించుకున్నారు. మొదట ఆయుధమేనన్న దున్న, మేత వేళయ్యేసరికి ఆరోగ్యమే అంది.

శ్రవణానందానికి లోపల భయంగానే ఉంది. కానీ అధ్యక్షుడు భయపడితే ఏం బాగుంటుంది? గొంతు సవరించుకున్నాడు.

"లైసెన్సు అక్కర్లేదు. కానీ షరతు ఉంది. జోళ్ళతో వేటాడే అడుగుల చప్పుడు చెవులారా విన్నవాళ్ళు ఫిర్యాదు చేస్తే ఆ జోళ్ళు జప్తు!"

"విననివాళ్ళు చేస్తేనో?" నక్క వినయంగా అడిగింది.

"చెల్లదు. పుకార్లతో చట్టం నడుస్తుందా? అయినా నా చెవులకు అందని చప్పుడు ఈ అడవిలో ఉందటయ్యా!"

నక్క చేతులు జోడించింది. మూల కూర్చున్న పులి ఆనందబాష్పాలు తుడుచుకుంది.

అడవి హాయిగా నిద్రపోయింది. కొన్ని జింకలు కనిపించడం మానేశాయి. వలస పోయుంటాయనుకున్నాడు శ్రవణానందం. ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. తన చట్టాన్ని తలచుకుని తనే మురిసిపోయాడు.

ఒక మధ్యాహ్నం గరిక కొరుకుతుంటే వీపుకు వెచ్చగా గాలి తగిలింది. అది పులి ఊపిరి. కాళ్ళు వాటంతటవే దూకాయి. ప్రాణం దక్కింది కానీ ఎడమ చెవి సగం పులి నోట్లోనే ఉండిపోయింది.

"ఇంత పొడుగు చెవులు మోసుకు తిరిగింది ఎందుకురా, ఎండకు గొడుగులానా?" అని తనను తానే తిట్టుకుంటూ, నెత్తురోడుతూ సభకొచ్చి పడ్డాడు. నిజంగా ఏడ్చాడు. "ఆ జోళ్ళు లాక్కోండి! లేకపోతే ఎవరం మిగలం!"

ఆ పూటకు అధ్యక్ష స్థానంలో దున్న కూర్చుంది. నక్క లేచింది.

"ఒకే ప్రశ్న. ఫిర్యాదీగారు అడుగుల చప్పుడు విన్నారా?"

శ్రవణానందం చుట్టూ చూశాడు. అడవంతా అతని మిగిలిన చెవి వైపే చూస్తోంది. వినలేదని చెప్పడానికి నోరు తెరిచాడు. పరువు అడ్డొచ్చింది.

"వినకేం! స్పష్టంగా విన్నాను" అన్నాడు.

"విన్నారూ!" నక్క గుండె బాదుకుంది. "అయ్యయ్యో, అయితే జోళ్ళు ఇంకా చప్పుడు చేస్తున్నాయన్నమాట. ఎంత నిద్రాభంగం! చట్టప్రకారం వెంటనే జప్తు చేయండి. వాటి బదులు మా దొరగారికి ఇంకాస్త దూది కూరినవి ఇప్పించండి."

సభ చప్పట్లు కొట్టింది. దూది చాలినంత కూరారో లేదో నొక్కి చూసే పని మాత్రం శ్రవణానందానికే అప్పగించారు, ఆ అడవిలో అంత బాగా వినేవాళ్ళు ఇంకెవరూ లేరు కనుక.

నీతి: చెవి పోయినా పరువు దక్కించుకోవాలి, రెండో చెవి ఉండనే ఉంది కదా.