సెలవు పాట

1978 వానాకాలంలో అరకు కొండల్లోని ఒక ప్రాజెక్టు కాలనీలో రాక్ సంగీతానికి తీరని లోటు సంభవించింది. 'ఉరుము' బృందం ప్రధాన గాయకుడు, గుమాస్తా కృష్ణమూర్తి, కాకినాడకు బదిలీ అయిపోయాడు.

'ఉరుము' సామాన్యమైన బృందం కాదు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సర్వేశ్వరరావుగారు గిటారు వాయిస్తారు కాబట్టి కాలనీ అంతటికీ ప్రోగ్రెసివ్ రాక్ అంటే ప్రాణం. ఒక్కో పాట ఇరవై నిమిషాలు సాగుతుంది. మధ్యలో ఆవులించిన స్టోర్‌కీపరు ఇప్పటికీ ఇంక్రిమెంటు కోసం ఎదురుచూస్తున్నాడు.

కృష్ణమూర్తి ఖాళీలోకి గణపతిరావు వచ్చాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడే ఆ మైకు ముందూ నిలబడాలని ఇంజనీరు దొరగారు ఎంతో న్యాయంగా తీర్మానించారు.

"నాకు పాట రాదండి" అన్నాడు గణపతిరావు.

"రాకపోవడమే కావాలి. వచ్చినవాళ్లతోనే చిక్కు" అన్నారాయన.

గణపతిరావు ఇంకా పర్మనెంటు కాలేదు. టెండరు ప్రకటన చదివినట్టు పాడాడు. క్లబ్బు చప్పట్లతో మారుమోగింది. అందరికీ కుటుంబాలున్నాయి మరి.

అతని భార్య రత్నాలు తొలి కాన్పుకి ఎస్.కోటలో పుట్టింట ఉంది. మద్రాసు రికార్డు కంపెనీవారు యంత్రాలతో కొండెక్కారు. ఆఖరి పాట ఒక్కటే మిగిలిన రోజున బావమరిది అప్పలస్వామి తడిసి ముద్దయి బస్సు దిగాడు.

"బావా, బిడ్డ అడ్డం తిరిగిందంట. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లారు. అక్క నిన్నే అడుగుతంది, బేగి రా!"

గణపతిరావు దొరగారి దగ్గరకు పరిగెత్తాడు. కళకు త్యాగం అవసరమనీ, కాన్పులు ఆడవాళ్లు చూసుకునే వ్యవహారమనీ, ఆల్బమ్ పూర్తయ్యేదాకా ఎవరూ కొండ దిగరాదనీ ఆయన సెలవిచ్చారు. సెలవు మాత్రం ఇవ్వలేదు.

ఆఖరి పాట మొదలైంది. గిటారు చాలాసేపు విలపించాక గణపతిరావు వంతు వచ్చింది. చేతిలో కాగితం కళ్లకు ఆనలేదు. నోట్లోంచి ఊరి మాట తన్నుకొచ్చింది.

"బాబూ, మా ఆడది సచ్చిపోతాది బాబూ! సెలవిప్పించండి బాబూ, మీ కాళ్లట్టుకుంటాను!"

గొంతు నిలువునా చీలిపోయింది. డ్రమ్ములు వాయిస్తున్న ఓవర్సీరు సన్యాసిరావు కర్రలు ఆపబోతే దొరగారు కళ్లెర్రజేశారు. గుమ్మంలోంచి అప్పలస్వామి "ఏటి సేత్తన్నార్రా మీరు?" అని అరిచాడు. అదీ రికార్డయింది. కోరస్ కింద ఉంచేశారు.

అంతా ముగిశాక దొరగారు ఉదారంగా రెండు రోజులు సెలవు మంజూరు చేశారు. గణపతిరావు ఆసుపత్రి చేరేసరికి రత్నాలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె పక్కన బిడ్డ లేదు.

"ఇప్పుడా మావా రావడం?" అంది.

అతను మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

విశాఖపట్నంలో ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. గణపతిరావు రాలేదు, రాజీనామా మాత్రం పంపాడు. ఆఖరి పాట వినిపించగానే పెద్దలు కళ్లొత్తుకున్నారు. మనిషి విధిని సెలవు కోరడమే ఇందులోని తాత్త్విక రహస్యమని ఒక విమర్శకుడు వివరించాడు. హాలంతా "వన్స్ మోర్!" అని కేకలు వేసింది.

అభిరుచి గల ప్రతి ఇంట్లోనూ ఇప్పుడా రికార్డు ఉంది. గొంతు చీలే చోట ముల్లు మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటారు. బిడ్డ పోయిన సంగతి తెలిసి అభిమానులు చాలా బాధపడ్డారు. బిడ్డ అడ్డం తిరిగిన కబురేదో ఒక్క రోజు ముందే అంది ఉంటే మిగతా పాటలు కూడా ఇంత బాగా వచ్చేవి కదా అని.